పాత సర్ఫేస్ గ్రైండర్ కొనబోయే ముందు



ఈనాటి ప్రసంగం ముఖ్యంగా చిన్న వర్క్‌షాపులు నడుపుకుంటున్న వారి కోసం. ధర్మపురి, కృష్ణగిరి, హోసూరు ప్రాంతాల్లోనూ, ఎల్లకు అవతల కుప్పం, పలమనేరు, చిత్తూరు వైపునా ఇటువంటి వర్క్‌షాపులు ఎన్నో ఉన్నాయి. ఒక లేత్, ఒక డ్రిల్లింగ్ మిషను, ఒక వెల్డింగ్ సెట్టు, వీలైతే ఒక మిల్లింగ్ మిషను సమకూర్చుకున్న యజమానికి ఆ తర్వాత వచ్చే ఆలోచన సర్ఫేస్ గ్రైండర్. కొత్తది కొందామంటే చేతిలో డబ్బు చాలదు. పాతది కొందామంటే మోసపోతామేమోనని జంకు. ఆ జంకు మంచిదే. కాని జంకుతో ఆగిపోనక్కరలేదు. పాత గ్రైండరును ఎక్కడ వెతకాలి, ఎలా పరీక్షించాలి, ఏది చూసి కొనాలి, ఏది చూసి వెనక్కి తిరగాలి అన్నవి తెలిస్తే చాలు.

ఇనుముతో పని మన ప్రాంతానికి కొత్త కాదు. కృష్ణగిరి జిల్లా మయిలాడుంపారై తవ్వకాలను బట్టి ఇక్కడ సుమారు 4,200 ఏళ్ళ కిందటే ఇనుము వాడారని తమిళనాడు ప్రభుత్వం 2022లో ప్రకటించింది. ఆనాడు కత్తికి సానపట్టినా, ఈనాడు డైకి గ్రైండింగ్ చేసినా సూత్రం ఒకటే. ఇనుముకన్నా గట్టిదైన రాయి ఇనుమును కొంచెం కొంచెంగా కొరుకుతుంది. తేడా అంతా ఆ కొంచెం ఎంత అన్నదానిలోనే ఉంది.

సర్ఫేస్ గ్రైండరులో పైన గ్రైండింగ్ వీల్ తిరుగుతుంటుంది. దాన్నే మనం వర్క్‌షాపు భాషలో రాయి అంటాము. కింద బల్ల కుడి ఎడమలకు కదులుతుంది. బల్లను మోసే భాగం ముందుకూ వెనక్కూ జరుగుతుంది. బల్ల మీద అయస్కాంతపు పలక, అంటే మాగ్నెటిక్ చక్ ఉంటుంది. వస్తువు దానికి అంటుకుని నిలుస్తుంది. రాయిని పైనున్న చేతి చక్రంతో దించుతాము. ఒక్కసారి దించేది మిల్లీమీటరులో వందో వంతు, ఇంకా నాజూకు పనిలో అంతకన్నా తక్కువ. మిల్లీమీటరులో వెయ్యో వంతును మైక్రాన్ అంటారు. మన తలవెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. మంచి గ్రైండరు ఐదు మైక్రాన్ల తేడాలో పని ఇవ్వాలి. అంటే వెంట్రుకలో పద్నాలుగో వంతు.

అసలు కిటుకంతా ఇక్కడే ఉంది. లేత్ కొంత అరిగినా దానితో పని జరుగుతుంది. పుల్లీ తిప్పుకోవచ్చు, బుష్ చేసుకోవచ్చు, పంపుసెట్టు షాఫ్టు సరిచేసుకోవచ్చు. సర్ఫేస్ గ్రైండరు అలా కాదు. అది మనకిచ్చేది ఒక్కటే, చదునైన తలం. ఆ చదును పోయిన రోజున అది పాత ఇనుము. తూకానికి తప్ప దేనికీ రాదు. పైగా ఆ అరుగుదల కంటికి కనిపించదు. రంగు వేసి, నూనె తుడిచి, నేమ్‌ప్లేటు మెరిపించి నిలబెడితే ఎంత పాత మిషనైనా పెళ్ళికూతురిలా ఉంటుంది. పైన పటారం, లోన లొటారం అన్న సామెత ఈ మిషనుకు సరిపోయినట్టు మరి దేనికీ సరిపోదు. కనుక మొదటి మాటగా ఇది గుర్తుంచుకోండి: పాత గ్రైండరును కంటితో కొనకూడదు, కొలతతో కొనాలి.

ఇక, మిషను వెతకబోయే ముందు మీ వర్క్‌షాపు లెక్క చూసుకోండి. 1965లో సేలం నుంచి ధర్మపురి జిల్లా ఏర్పడింది. 2004లో కృష్ణగిరి జిల్లా విడిపోయి, హోసూరు అటు వెళ్ళింది. జిల్లాలు వేరైనా పని మాత్రం వేరు కాలేదు. హోసూరు ఫ్యాక్టరీలకు విడిభాగాలు చేసే చిన్న యూనిట్ల పంచ్‌లు, డైలు మన వర్క్‌షాపుల చేతికి వస్తూనే ఉంటాయి. డై మొద్దుబారితే ముఖం గ్రైండింగ్ చేయాలి. అందుకోసం ధర్మపురి నుంచి సుమారు 90 కిలోమీటర్ల దూరంలోని హోసూరుకో, కిందనున్న సేలానికో పంపితే కూలి ఒకటి, బస్సు ఖర్చు ఒకటి, పోయిన రోజు ఒకటి. గడచిన ఆరు నెలల్లో బయటికి పంపిన గ్రైండింగ్ పనికి ఎంత ఇచ్చారో బిల్లులు ముందు వేసుకుని కూడండి. ఉదాహరణకు నెలకు సగటున 6,000 రూపాయలు అనుకుందాం. ఏడాదికి 72,000 అవుతుంది. అందులోంచి రాళ్ళు, కరెంటు, మనిషి కూలి తీసేయండి. మిగిలినది ఎన్నేళ్ళలో మిషను ఖర్చును తీరుస్తుందో తేలుతుంది. మూడు నాలుగేళ్ళకు మించుతుంటే తొందరపడకండి. ఇంకా కొంతకాలం బయట చేయించుకోవడమే లాభం.

పని ఏమిటో తేలితే సైజు తేలుతుంది. చిన్న వర్క్‌షాపులకు ఎక్కువగా సరిపోయేది 450 మిల్లీమీటర్ల పొడవు, 150 మిల్లీమీటర్ల వెడల్పు చక్ ఉన్న మిషను. పద్దెనిమిదికి ఆరు అని అంగుళాల్లో చెప్పేది ఇదే. ఇందులో చేతితో తిప్పేవి ఉన్నాయి, హైడ్రాలిక్‌తో బల్ల తనంతట తాను కదిలేవి ఉన్నాయి. రోజుకు గంటో రెండు గంటలో పని ఉన్నవారికి చేతి మిషను మేలు. అందులో చెడిపోయేవి తక్కువ. పూటంతా ఒకే రకం పని ఉంటేనే హైడ్రాలిక్ అవసరం. మరొక్క మాట. మాగ్నెటిక్ చక్ ఇనుమును, ఉక్కును మాత్రమే పట్టుకుంటుంది. అల్యూమినియం, ఇత్తడి, రాగి, గిన్నెలకు వాడే రకం స్టెయిన్‌లెస్ స్టీలు దానికి అంటవు. మీ పని ఎక్కువగా వాటిలో ఉంటే ఈ మిషను మీ అవసరాన్ని సగమే తీరుస్తుంది.

పాత మిషన్లు దొరికే చోట్లు చూద్దాం. మనకు దగ్గరగా ఉన్నవి బెంగళూరు పీణ్య పారిశ్రామికవాడ, హోసూరు, కోయంబత్తూరు. సి.ఎన్.సి. మిషన్లకు మారుతున్న యూనిట్లు, యజమాని వయసు మళ్ళి మూసివేస్తున్న యూనిట్లు తమ పాత మిషన్లను అమ్ముతుంటాయి. అటువంటి కబురు ముందుగా తెలిసేది ఎవరికంటే గ్రైండింగ్ రాళ్ళు అమ్మే దుకాణాల వారికీ, మిషన్లు రిపేరు చేసే ఫిట్టర్లకూ. వారితో ఒక మాట చెప్పి ఉంచండి. పని చేస్తున్న చోటే, కరెంటు ఉన్నప్పుడే మిషనును చూడగలగడం పెద్ద వరం. డీలరు గోదాములో పడి ఉన్న మిషనుకు ఆ వీలు ఉండదు. ఐ.టి.ఐ.లు, పాలిటెక్నిక్‌లు పాతవాటిని తీసివేసేటప్పుడు కూడా గమనించండి. అక్కడి మిషన్లు తక్కువ తిరిగి ఉంటాయి. అయితే ఏళ్ళ తరబడి నిలిచిపోయి తుప్పు పట్టి ఉండవచ్చు.

వేలం పాటలు మరో దారి. ప్రభుత్వ రంగ సంస్థల పాత సామాను ఎం.ఎస్.టి.సి. అనే కేంద్ర ప్రభుత్వ సంస్థ ద్వారా వేలానికి వస్తుంది. అప్పు తీర్చని యూనిట్ల మిషన్లను 2002 నాటి సర్ఫాసీ చట్టం కింద బ్యాంకులు వేలం వేస్తాయి. ఇక్కడ మిషను ఉన్నది ఉన్నట్టుగా, ఉన్నచోటునే అమ్ముతారు. పాట మీ పేర కొట్టిన తర్వాత బాగాలేదంటే వినేవారు ఉండరు. గడువులోగా మిషనును ఎత్తుకుపోవలసిన బాధ్యత కూడా మీదే. కనుక చూడడానికి ఇచ్చిన రోజున వెళ్ళి చూడకుండా వేలంలో చేయి ఎత్తవద్దు.

పేర్ల సంగతి కూడా కొందరు అడుగుతుంటారు. తెలుగువారికి బాగా తెలిసిన పేరు సికింద్రాబాద్ ప్రాగా టూల్స్. 1943లో మొదలైన ఆ సంస్థ గ్రైండర్లు తయారు చేసి దేశమంతటా అమ్మింది. 1988లో అది హెచ్.ఎం.టి.కి అనుబంధ సంస్థ అయింది. ఆ హెచ్.ఎం.టి. 1953లో బెంగళూరులో పుట్టింది. విదేశాల నుంచి వచ్చిన పాత మిషన్లలో ఇంగ్లండు జోన్స్ అండ్ షిప్‌మన్, జపాన్ ఒకామోటో పేరున్నవి. పంజాబు, గుజరాత్ తయారీలు కూడా చవకగా దొరుకుతాయి. అయితే పేరు చెప్పేది పుట్టుక మాత్రమే. ఆ తర్వాత దాన్ని ఎవరు ఎలా పెంచారో పేరు చెప్పదు. మంచి కంపెనీ మిషనును నూనె లేకుండా ఇరవై ఏళ్ళు తిప్పిన చోటు కన్నా, మామూలు మిషనును రోజూ తుడిచి నూనె వేసుకున్న చోటే మేలు.

ఇప్పుడు పరీక్షకు వద్దాం. వెళ్ళేటప్పుడు మీ సొంత మైక్రోమీటరు, స్టాండుతో సహా ఒక లివర్ డయల్ గేజి, ఒక టార్చిలైటు, తుడుచుకునే గుడ్డ తీసుకువెళ్ళండి. దాదాపు ఒకే ఎత్తున్న ఐదు ఇనుప ముక్కలు, మందంగా ఉన్న ఒక పొడుగాటి పట్టీ కూడా తీసుకువెళ్ళండి. అనుభవమున్న ఫిట్టరునో, తెలిసిన ఐ.టి.ఐ. ఇన్‌స్ట్రక్టరునో వెంట పెట్టుకుంటే మరీ మంచిది. సెల్‌ఫోనులో వచ్చిన ఫొటో, వీడియో చూసి మాత్రం అడ్వాన్సు పంపవద్దు. వీడియోలో రాయి తిరగడం కనిపిస్తుంది కాని, బేరింగు శబ్దం సరిగా వినిపించదు. చదును అసలే కనిపించదు.

మొదట మిషను ఆగి ఉన్నప్పుడు చూడండి. బల్లను ఒక చివరకు జరిపి, కింద అది జారే దారులను, అంటే గైడ్‌వేలను టార్చి వేసి చూడండి. నూనె నిలవడానికి తయారీలో పెట్టిన స్క్రేపింగ్ గుర్తులు రెండు చివర్లలోనూ, మధ్యలోనూ ఒకే రకంగా ఉన్నాయా? చివర్లలో గుర్తులుండి మధ్యలో నున్నగా అయిపోతే మధ్యభాగం అరిగిందన్నమాట. చిన్న చిన్న పనులన్నీ మధ్యలోనే చేస్తారు కనుక అరుగుదల అక్కడే మొదలవుతుంది. నూనె గొట్టాలు మూసుకుపోయాయేమో చూడండి. గ్రైండింగ్ పొడి, నూనె లేని దారి, ఈ రెండూ కలిస్తే మిషను తనను తానే అరగదీసుకుంటుంది.

తర్వాత స్పిండిల్. ఇదే మిషనుకు గుండెకాయ. మెయిన్ స్విచ్ కట్టేసి, రాయి తీయించండి. డయల్ గేజిని బల్ల మీద నిలిపి దాని ముల్లును స్పిండిల్ కొనకు ఆనించి, చేత్తో మెల్లగా తిప్పండి. సూది ఐదు మైక్రాన్లకు మించి ఊగితే అనుమానించండి. స్పిండిల్‌ను ముందుకూ వెనక్కూ నెట్టి, కొయ్యముక్కతో పైకి ఎత్తి చూడండి. ఆట ఉంటే సూది చెబుతుంది. ఆ తర్వాత రాయి బిగించి అరగంట నడపమనండి. బేరింగు దగ్గర గోరువెచ్చగా ఉంటే సహజం. చెయ్యి పెట్టి ఉంచలేనంత వేడెక్కితే, గరగర శబ్దం వస్తే, బేరింగులు మార్చవలసిందే. గ్రైండరు బేరింగులు మామూలు బేరింగులు కావు. ఎక్కువ ఖచ్చితత్వం గల రకం కావాలి. వాటిని అమర్చడం తెలిసిన చేతులూ కావాలి. ఆ ఖర్చును ధరలోంచి తగ్గించుకోండి.

రాయిని దించే స్క్రూను చూడండి. చేతి చక్రాన్ని ఒక గీత తిప్పితే తల ఒక గీతంత దిగాలి. నాలుగు గీతలు తిప్పినా కదలక, ఐదోసారి ఒక్కసారిగా దిగితే ప్రమాదం. రాయి పని మీద పడి పగిలే అవకాశం అందులోనే ఉంది. హైడ్రాలిక్ మిషనైతే బల్ల తిరుగు మలుపులో కుదుపు లేకుండా వెనక్కి రావాలి. మిషను కింద నూనె మడుగు ఉండకూడదు.

చక్ విషయంలో ఏమరుపాటు వద్దు. అన్ని మూలలా చిన్న ముక్క పెట్టి పట్టు చూడండి. కొన్నిచోట్ల పట్టి కొన్నిచోట్ల పట్టకపోతే లోపల చుట్ట తెగి ఉండవచ్చు, లేదా నీళ్ళు దిగి ఉండవచ్చు. విద్యుత్తుతో పనిచేసే చక్ అయితే ఎలక్ట్రీషియన్ చేత మెగ్గరుతో ఇన్సులేషన్ పరీక్ష చేయించండి. చక్ పై పలకను ఎన్నోసార్లు గ్రైండింగ్ చేసి బాగా పలచబడనిచ్చి ఉంటే, దాని ఆయుష్షు దగ్గర పడినట్టే.

అన్నిటికన్నా ముఖ్యమైనది ఐదు ముక్కల పరీక్ష. ముక్కలకు అంకెలు వేసి, నాలుగింటిని చక్ నాలుగు మూలలా, ఒకదాన్ని మధ్యలో పెట్టి, అయస్కాంతం పట్టు వేయండి. ఐదింటి మీదా నిప్పురవ్వలు సమంగా వచ్చేవరకు గ్రైండింగ్ చేయించండి. చివరి రెండు మూడు చాళ్ళు రాయిని దించకుండా తోలించండి. తర్వాత ముక్కలను చల్లారనివ్వండి. ఈ చల్లారనివ్వడం ముఖ్యం. ఉక్కు 100 మిల్లీమీటర్ల పొడవులో 10 డిగ్రీల వేడికి 11 మైక్రాన్లకు పైగా సాగుతుంది. రేకుల షెడ్డు కింద వేసవి మధ్యాహ్నం కొలిస్తే ఏది మిషను తప్పో, ఏది ఎండ తప్పో తెలియదు. చల్లారాక మీ సొంత మైక్రోమీటరుతో కొలవండి. ఐదు ముక్కల మధ్య తేడా ఐదారు మైక్రాన్ల లోపు ఉంటే బాగున్నట్టు. పదిహేను ఇరవై ఉంటే, డై పనికి అది పనికిరాదు.

ఇక్కడ ఒక మెలిక ఉంది. అమ్మేవారు ముందురోజే చక్‌ను అదే మిషను మీద గ్రైండింగ్ చేసి ఉంచారనుకోండి. దారిలో ఉన్న వంకర చక్ మీదికి అచ్చుపడుతుంది. కింద వంకర, పైన అదే వంకర. ఐదు ముక్కలూ సమానంగానే వస్తాయి. కనుక ఈ పరీక్ష ఒక్కదానితో సరిపెట్టుకోకూడదు. మీరు తీసుకువెళ్ళిన పొడుగాటి మందపాటి పట్టీని బల్ల నిడివిన పెట్టి ఒక ముఖం గ్రైండింగ్ చేయించండి. ఆ ముఖాన్ని గ్రానైటు సర్ఫేస్ ప్లేటు మీద పలుచగా నీలం రంగు పూసి ఆనించి చూడండి. రంగు అంతటా అంటితే చదును ఉంది. రెండు చివరల్లోనే అంటితే మధ్య గుంట. మధ్యలోనే అంటితే గుబ్బ. ఇది ఏ రంగూ దాచలేని సాక్ష్యం. ఈ రెండు పరీక్షలకూ ఒప్పుకోని అమ్మకందారు దగ్గర బేరమే వద్దు.

గుంటో గుబ్బో తేలితే మిషను పూర్తిగా పనికిరానట్టేనా అని అడగవచ్చు. కాదు. గైడ్‌వేలను మళ్ళీ గ్రైండింగ్ చేయించి, చేత్తో స్క్రేపింగ్ చేసి చదును తెప్పించేవారు బెంగళూరులోనూ, కోయంబత్తూరులోనూ ఉన్నారు. కాని చిన్న మిషనుకు ఆ ఖర్చు కొన్న ధరకు దగ్గరగా వెళ్ళవచ్చు. మొదట అంచనా వేయించి, ఆ తర్వాతే ధర మాట్లాడండి.

కరెంటు సంగతి. మన దగ్గర మూడు ఫేజుల సరఫరా 415 వోల్టులు, 50 హెర్ట్జులు. అమెరికా నుంచి వచ్చిన మిషను మోటారు నేమ్‌ప్లేటు మీద 60 హెర్ట్జులు అని ఉంటే, మన కరెంటు మీద దాని వేగం ఆరో వంతు తగ్గుతుంది. నిమిషానికి 3,450 చుట్లు తిరిగేది 2,875 తిరుగుతుంది. పని సాగుతుంది కాని కొంచెం నెమ్మది. వేగం పెంచుదామని డ్రైవు పెట్టి ఇష్టం వచ్చినట్టు తిప్పడం మాత్రం ప్రాణాలతో చెలగాటం. ప్రతి రాయి మీదా గరిష్ఠ వేగం అచ్చువేసి ఉంటుంది. స్పిండిల్ వేగం దాన్ని ఎన్నటికీ మించకూడదు. మీ షెడ్డుకు మంజూరైన లోడు చాలుతుందో లేదో ఈ.బి. ఆఫీసులో ముందే కనుక్కోండి.

కాగితాల సంగతి కూడా అంతే ముఖ్యం. అమ్మేవారికి మిషను మీద బ్యాంకు అప్పు ఉందేమో అడగండి. ఉంటే బ్యాంకు నుంచి బాకీ లేదన్న ఉత్తరం లేకుండా డబ్బు ఇవ్వవద్దు. బిల్లులో మిషను పేరు, సైజు, నేమ్‌ప్లేటు మీది నంబరు రాయించుకోండి. పీణ్య నుంచి ధర్మపురికి వచ్చే మిషను అత్తిబెలె దాటి రాష్ట్రం మారుతుంది. 2017 జూలైలో జి.ఎస్.టి. వచ్చింది. 2018 ఏప్రిల్ నుంచి 50,000 రూపాయలు దాటిన సరుకు రాష్ట్రం దాటాలంటే ఈ-వే బిల్లు ఉండాలి. అది లేక లారీ దారిలో ఆగితే ఆ నష్టం మీదే. సబ్సిడీ ఆశతో కొనేవారికి మరో మాట. చాలా సబ్సిడీ పథకాలు కొత్త యంత్రాలను ఉద్దేశించినవి. అడ్వాన్సు ఇవ్వకముందే జిల్లా పారిశ్రామిక కేంద్రంలో అడిగి తెలుసుకోండి.

ధర కుదిరిందనుకుందాం. అసలు ధర అదొక్కటే కాదు. ఎత్తడానికి క్రేను, లారీ బాడుగ, దించడం, వైరింగు, రాళ్ళు, రాయిని చెక్కే డైమండ్ డ్రెస్సరు, రాయి బిగించే ఫ్లాంజీలు, రక్షణ కవచం, ఇవన్నీ కలిపితేనే అసలు ధర. ఫ్లాంజీలు, కవచం, స్పిండిల్ నట్టుకు వాడే స్పానరు పాత మిషన్లతో తరచుగా రావు. బేరంలోనే అడిగి తీసుకోండి. ఏనుగును కొని అంకుశానికి వెనుకాడినట్టు, మిషను కొని డ్రెస్సరుకు వెనుకాడితే పని నునుపు రాదు.

తెచ్చేటప్పుడు బల్లను, పై తలను కదలకుండా కట్టించండి. తల కింద కొయ్య దిమ్మ పెట్టి ఆనించండి. రాయిని, వీలైతే చక్‌నూ విప్పి వేరుగా తీసుకురండి. క్రేను తాడు బల్లకు గాని స్పిండిల్‌కు గాని తగలకూడదు. మిషను కాలికి, దిమ్మకే తగలాలి. కోయంబత్తూరు వైపు నుంచి వచ్చే లారీ సేలం దాటాక తొప్పూరు ఘాటు ఎక్కాలి. ఆ మలుపుల్లో సగం కట్టిన మిషను ఒరిగితే, అంత పరీక్ష చేసి కొన్నదీ ఒక్క కుదుపుతో పోతుంది.

షెడ్డులో చోటు ఎంచుకునేటప్పుడు పవర్ ప్రెస్సుకు, సుత్తి పనికి దూరంగా పెట్టండి. నేల అదిరితే పని మీద అలలు పడతాయి. కింద గట్టి కాంక్రీటు ఉండాలి. స్పిరిట్ లెవెల్‌తో రెండు వైపులా మట్టం చూసి బిగించాలి. కరెంటు ఇచ్చిన రోజున రాయి లేకుండా మోటారును ఒక్క క్షణం తిప్పి, తిరిగే దిక్కు చూడండి. వైర్లు తారుమారైతే స్పిండిల్ వెనక్కి తిరుగుతుంది. అప్పుడు రాయిని పట్టిన నట్టు వదులు కావచ్చు. అంతా సరిగ్గా ఉన్నాక చక్ పై ముఖాన్ని పలుచగా ఒకసారి గ్రైండింగ్ చేసుకుని పని మొదలుపెట్టండి.

చివరగా ప్రాణభద్రత. కొత్త రాయిని బిగించే ముందు వేలికి తగిలించి, కొయ్యపిడితో మెల్లగా తట్టండి. గంటలాగా మోగితే మంచిది. బొద్దుగా చప్పుడైతే పగులుంది, వాడకండి. రెండు వైపులా కాగితపు బిళ్ళలు పెట్టి బిగించండి. మొదటిసారి నడిపేటప్పుడు పక్కకు నిలబడి కనీసం ఒక నిమిషం ఊరికే తిరగనివ్వండి. రాయికి ఎదురుగా నిలబడవద్దు. అయస్కాంతం వేశామో లేదో ముక్కను చేత్తో లాగి చూశాకే రాయిని దగ్గరికి తేండి. పట్టులేని ముక్క తుపాకీ గుండులా ఎగురుతుంది. కళ్ళద్దాలు, ముక్కుకు గుడ్డ కాదు, మంచి మాస్కు వాడండి. కవచం లేని మిషను చవకగా వచ్చినా, కవచం చేయించేంతవరకు స్విచ్ వేయవద్దు.

సంగ్రహంగా చెప్పాలంటే, మొదట మీ పని లెక్క. తర్వాత మిషను ఉన్న చోటికి స్వయంగా వెళ్ళడం. అక్కడ స్పిండిల్, స్క్రూ, చక్. ఆపైన ఐదు ముక్కలు, ఒక పట్టీ. ఆ తర్వాతే ధర, కాగితాలు, లారీ. ఈ వరుస తారుమారు కానివ్వకండి. ధర ముందు కుదుర్చుకున్నవారి కళ్ళకు తర్వాత లోపాలు కనిపించవు. ఒక రోజు కూలి పోయినా ఫరవాలేదు, నచ్చని మిషను దగ్గరినుంచి ఉత్త చేతులతో తిరిగి రావడం నష్టం కాదు. ఏళ్ళ తరబడి కూడబెట్టిన సొమ్ము ఒక్క బేరంలో పాత ఇనుముగా మారకుండా మిమ్మల్ని కాపాడేది మీ జేబులోని ఆ మైక్రోమీటరే.